రన్‌వే దీపాలకు 15 సెకండ్లు, మన వాడకు 48 గంటలు

విమానాశ్రయాలకు ప్రపంచమంతటా ఒక నియమం ఉంది. యంత్రాల సాయంతో విమానాలు దిగే రన్‌వే మీద కరెంటు పోతే, దీపాలు తిరిగి వెలగడానికి 15 సెకండ్లకు మించి పట్టకూడదు. దట్టమైన మంచులో కూడా విమానాలు దిగే రన్‌వేలైతే కొన్ని దీపాలకు ఒక్క సెకండే గడువు. అందుకోసమే జనరేటర్లు, బ్యాటరీలు, వాటిని కాచుకునే మనుషులు. ఈ నియమాన్ని మనం తప్పు పట్టనక్కర లేదు. ఆకాశం నుంచి దిగేవాళ్లూ మనుషులే, వాళ్ల ప్రాణాలూ ప్రాణాలే.

మరో నియమం ఉంది. ఇది మన కోసం రాసింది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి, కరెంటు పోతే ఎన్ని గంటల్లో తిరిగి ఇవ్వాలో గడువులు పెట్టింది. ఫ్యూజు పోతే పట్నంలో 4 గంటలు, పల్లెలో 12 గంటలు. తీగ తెగితే పట్నంలో 6, పల్లెలో 24. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్నంలో 24, పల్లెలో 48. పట్నానికొక లెక్క, పల్లెకొక లెక్క అనే ఈ పద్ధతి తెలంగాణ వచ్చిన తర్వాత కూడా సాగింది.

ఇప్పుడు శంషాబాదు సంగతి చూద్దాం. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని కింద పోయిన భూమి 5 వేల ఎకరాల పైమాటే. ఆ భూముల్లో కలుపు తీసిన చేతులు, కూరగాయలు తెంపిన చేతులు కొన్ని ఇవాళ అక్కడే నేల తుడుస్తున్నయి, కొన్ని ఫాంహౌసుల్లో గడ్డి కోస్తున్నయి, కొన్ని పొద్దున్నే అడ్డా మీద నిలబడుతున్నయి. గొల్లపల్లి, మామిడిపల్లి, రాళ్లగూడ, తొండుపల్లి, సాతంరాయి, ఏ ఊరి వాడలో డాబా ఎక్కి చూసినా రాత్రంతా ఆ వెలుగు కనిపిస్తూనే ఉంటుంది. గాలిదుమారం లేచి మన వాడ చీకటైనా ఆ వెలుగు మాత్రం ఆరదు. ఇక్కడ 15 సెకండ్లు పోయి, 15 నిమిషాలు పోయి, 15 గంటలు నడుస్తుంటయి.

ఈ మధ్యకాలంలోనే మన పిల్లలు చనిపోతున్నారు. చీకటి మనిషిని చంపదు. ఎవరూ రారని తెలిసి మనమే కట్టె పట్టుకొని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోవడం చంపుతుంది. కరెంటు లేదు గదా అని తీగ పట్టుకోవడం చంపుతుంది. అందుకే ఈ వారం ఈ శీర్షికలో కూలి రేట్ల సంగతి పక్కన పెట్టి, ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యగూడదో రాస్తున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి.

కరెంటు ఎందుకు పోతుంది

కరెంటు పోవడం మనకు కొత్త కాదు. 2012, 2013 సంవత్సరాల్లో పల్లెల్లో పగలంతా కరెంటు లేని రోజులు గడిచినయి, ఫ్యాక్టరీలకు విద్యుత్ సెలవులు పెట్టారు. సేద్యానికి కరెంటు వంతుల వారీగా, సగం రాత్రిపూట ఇచ్చేవారు. ఆ రాత్రి వంతు కోసం మోటారు వెయ్యబోయి పాము కరిచి, షాకు కొట్టి పోయిన రైతులను, పాలేర్లను తెలంగాణ పల్లెలు ఎన్నటికీ మరువవు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. ఆ రాత్రి చావుల బెడద చాలా వరకు తగ్గిందనేది ఒప్పుకోవాల్సిన మాటే.

కానీ ఉత్పత్తి ఉన్నంత మాత్రాన మన బుగ్గ వెలగదు. కేంద్రంలో పుట్టిన కరెంటు మన ఇంటికి రావాలంటే 11 వేల ఓల్టుల తీగ, ఏబీ స్విచ్చి, ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, సర్వీసు వైరు అన్నీ సరిగా ఉండాలి. శంషాబాదు చుట్టుపక్కల వెంచర్లు లేచినయి, ఫంక్షన్ హాళ్లు లేచినయి, ఏసీలు పెరిగినయి. వాడ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చాలాచోట్ల పాతదే. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద వంద కేవీఏ బరువు వేస్తే ఏప్రిల్, మే నెలల్లో అది కాలకుండా ఎట్లుంటుంది? దానికి తోడు ఎండాకాలపు ఈదురుగాలులు, వేపకొమ్మలు, తాడులాగ వేలాడే తీగలు.

పెద్ద ఎత్తున కూడా పోవచ్చు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం గ్రిడ్డు కుప్పకూలి కోట్లాది మంది చీకట్లో పడ్డారు. రైళ్లు దారిలోనే ఆగిపోయినయి. మన దక్షిణాదికి ఆ దెబ్బ తగలలేదు, ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్డును వాళ్ల గ్రిడ్డుతో కలపలేదు. 2013 చివరి రోజున కలిపారు. దాంతో దేశమంతా ఒకటే తీగ అయింది. అవసరానికి ఎక్కడి కరెంటైనా తెచ్చుకునే వీలు దొరికింది, ఎక్కడి ఆపదైనా వచ్చే వీలూ ఏర్పడింది.

మరి వానల సంగతి? 2020 అక్టోబర్ 13 రాత్రి మన గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగింది. బెంగుళూరు హైవే కోసుకుపోయింది. ఇండ్లలోకి నీళ్లు జొచ్చి మనుషులు కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో హైదరాబాదులో ఎన్నో బస్తీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నయి. చెరువు శిఖం ఎవరు ఆక్రమించారు, నాలా ఎవరు పూడ్చారు అన్నది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేదేమంటే, చెరువు కింది వాడల్లో కరెంటు పోవడం, నీళ్లు రావడం రెండూ ఒక్క రాత్రే వస్తయి. నీళ్లు గడప తొక్కకముందే మెయిన్ ఆపాలి. గదిలో నీళ్లు చేరిన తర్వాత తడి కాళ్లతో స్విచ్చి బోర్డు దగ్గరికి పోవద్దు. నీళ్లు పోయినా గోడలు ఆరి, తెలిసిన మనిషి చూసేదాకా మెయిన్ వెయ్యొద్దు.

పోయిన తీగ కూడా తీగే

ఇది అన్నిటికన్నా ముఖ్యం. కరెంటు పోయింది అంటే తీగ చచ్చిపోయిందని కాదు. అది ఎప్పుడు లేస్తుందో మనకు తెలియదు. సబ్‌స్టేషన్‌లో ఉన్న మనిషికి మన ఇంట్లో ఎవరి చెయ్యి ఎక్కడ ఉందో కనపడదు గదా.

ఎండాకాలం ఇనుప కూలర్లనే చూడండి. కరెంటు ఉన్నప్పుడు ఎవరూ దాంట్లో చెయ్యి పెట్టరు. పోయినప్పుడే, ఇదే సమయం అని తల్లి నీళ్లు పోస్తుంది, పిల్లవాడు జాలీ తుడుస్తాడు. స్విచ్చి మాత్రం వేసే ఉంటుంది. అప్పుడు కరెంటు వస్తుంది. నీళ్ల మోటారు కూడా అంతే, రైస్ కుక్కరూ అంతే. కాబట్టి కరెంటు పోగానే మొదటి పని, అన్ని స్విచ్చులు తీసి ప్లగ్గులు పీకడం. ఒక్క బుగ్గ స్విచ్చి మాత్రం వేసి ఉంచండి, కరెంటు వచ్చిన సంగతి అదే చెబుతుంది. వచ్చిన వెంటనే అన్నీ వెయ్యకుండా ఒక అయిదు నిమిషాలు ఆగండి. బుగ్గ మామూలుకంటే తెల్లగా భగ్గున వెలిగితే న్యూట్రల్ తెగిందన్నమాట. 230 ఓల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. వెంటనే మెయిన్ కట్టెయ్యాలి. మసక మసకగా వెలిగితే ఓల్టేజీ తక్కువని అర్థం, అప్పుడు మోటారు వేస్తే కాలుతుంది.

దండెం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇండ్లలో బట్టలు ఆరవేసే దండెం చాలావరకు ఇనుప తీగే. దాని ఒక కొస స్తంభానికో, సర్వీసు వైరు దిగే ఇనుప పైపుకో కట్టి ఉంటుంది. సర్వీసు వైరు తోలు ఎండకు పగిలిపోతే కరెంటు నేరుగా దండెం మీదికి పాకుతుంది. 2022 జులైలో కామారెడ్డి బీడీ కార్మికుల కాలనీలో ఒక ఇంట్లో దండెం మీద బట్టలు ఆరవెయ్యబోయి, ఒకరిని కాపాడబోయి ఒకరు, ఆలుమగలు, ఇద్దరు పసిపిల్లలు మొత్తం నలుగురు పోయారు. ఇల్లు ఇల్లే ఖాళీ అయింది. ఇవాళ ఈ కాగితం చదివినవాళ్లు ఇంటికి పోయి ఆ ఇనుప తీగ విప్పేసి, నైలాన్ తాడు కట్టండి. దానికి అయ్యే ఖర్చు ఒక పూట చాయ్ బీడీల ఖర్చు.

బయట తీగ తెగి నేల మీద పడితే, ఊరంతా చీకటిగా ఉన్నా సరే, దాని దగ్గరికి పోవద్దు. కనీసం 30 అడుగుల దూరంలో ఉండండి, వానపడి నేల తడిగా ఉంటే ఇంకా దూరం. తీగ పడ్డ నేల కూడా కరెంటు పట్టి ఉంటుంది. ఒక కాలికి ఇంకో కాలికి మధ్య ఎంత ఎడం ఉంటే అంత షాకు. పొరపాటున దగ్గర్లో ఉంటే పెద్ద అంగలు వేస్తూ పరుగెత్తకుండా, రెండు పాదాలు దగ్గరగా పెట్టి, నేల మీదినుంచి ఎత్తకుండా జరుపుకుంటూ బయటికి రావాలి. దారికి రెండు పక్కలా ముండ్లకంప వేసి పిల్లల్ని, గొడ్లను ఆపండి. ఒక మనిషి అక్కడే కాపలా ఉండి, ఇంకొకరు 1912కు ఫోను చెయ్యాలి. అడవి పందులకని కొందరు పొలం చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ పెడుతున్నారు. అది వేరే లైను మీద ఉండవచ్చు. మన వాడలో కరెంటు లేదు గదా అని చీకట్లో పొలాలకు అడ్డం పడి నడిస్తే అది కాచుకొని ఉంటుంది.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. ప్రతి వాడలోనూ ఒక పిల్లవాడు ఉంటాడు. ఎండుకట్టెతో ఏబీ స్విచ్చి దింపి ఫ్యూజు కట్టేస్తాడు. అందరూ మెచ్చుకుంటారు. పెద్దమనుషులే వాణ్ని పిలుస్తారు, "పోరా బిడ్డా, నీకు తెలుసు గదా" అంటారు. ఆ పిల్లవాడు ఎక్కువగా మన కూలోళ్ల పిల్లవాడే ఉంటాడు. డాబాల వాళ్ల పిల్లవాడిని ఎవరూ ఎక్కమనరు. ఏబీ స్విచ్చికి మూడు బ్లేడ్లు ఉంటయి. రెండు ఊడి ఒకటి తగులుకునే ఉంటే కింద నిలబడ్డవానికి కనపడదు. వానలో తడిసిన కట్టె కట్టె కాదు, తీగే. పైగా ఎవరో ఒకరి ఇంట్లో జనరేటరు నడుస్తుంటుంది. ఇంటి లైనును మెయిన్ లైను నుంచి తప్పించకుండా జనరేటరు తగిలిస్తే ఆ కరెంటు వెనక్కి పాకి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి, అటువైపు 11 వేల ఓల్టులై కూర్చుంటుంది. పైనుంచి కరెంటు ఆపామన్న ధైర్యంతో ఎక్కిన లైన్‌మన్ కూడా దానికి బలవుతాడు. జనరేటరు పెట్టుకునేవాళ్లు మధ్యలో తిప్పుడు స్విచ్చి పెట్టించుకోవాలి. ఫాంహౌసు కాపలాకు ఉన్న మనవాళ్లు ఈ సంగతి యజమానికి గట్టిగా చెప్పండి.

శాఖవాళ్లకు ఒక పద్ధతి ఉంది, లైన్ క్లియర్ అంటారు. సబ్‌స్టేషన్‌కు చెప్పి, ఆ లైను ఆపించి, ఆపినట్టు నమోదు చేయించుకొని, లైనును భూమికి కలిపి, అప్పుడు ఎక్కుతారు. అంత చేసినా వాళ్లలో ప్రాణాలు పోయేవాళ్లున్నారు. ఇవేవీ లేకుండా చెప్పులు కూడా లేని మన పిల్లవాడు ఎక్కుతున్నాడు. ఇక ముందు ఎవరైనా పొమ్మంటే, పొమ్మన్నవాణ్నే ముందు ఎక్కమనండి.

దీపం, పొగ, పాము

మునుపు ప్రతి ఇంట్లో కందిలి, బుడ్డిదీపం ఉండేది, గ్యాసునూనె ఉండేది. ఇవాళ చేతిలో ఫోనే దీపం. ఫోను దీపం అయితే అర్ధరాత్రికి ఛార్జింగు అయిపోతుంది, అప్పుడు 108కి ఫోను చెయ్యడానికి ఏమీ మిగలదు. అందుకని కొనగలిగినవాళ్లు ఒక ఛార్జింగు లైటు కొని, వారానికొకసారి ఛార్జి చేసి, ఇంట్లో అందరికీ తెలిసిన ఒకే చోట పెట్టాలి. కొనలేనివాళ్లు నాలుగిండ్లు కలిసి ఒక మంచి టార్చి కొనుక్కోవచ్చు. మబ్బు పట్టిన సాయంత్రం ఫోన్లు నిండుగా ఛార్జి చేసుకోవడం అలవాటు చేసుకోండి.

కొవ్వొత్తి వెలిగిస్తే వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి దాంట్లో నిలబెట్టండి. పరుపు పక్కన, దోమతెర పక్కన, పరదా కింద, తాటాకు చూరు కింద పెట్టొద్దు. వెలుగుతున్న దీపంలో నూనె పొయ్యొద్దు. పెద్దవాళ్లు నిద్రపోయేముందు ఆర్పాలి. దీపంతో చంటిపిల్లలను ఒంటరిగా వదలొద్దు.

పొగ సంగతి చాలామందికి తెలియదు. జనరేటరు గానీ, బొగ్గుల కుంపటి గానీ తలుపులు మూసిన గదిలో పెడితే దాని నుంచి ఒక విషవాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. పని చోట్ల షెడ్లలో పది పన్నెండు మంది పడుకునే కూలీలు, ముఖ్యంగా చలికాలంలో, ఇది గుర్తుంచుకోవాలి. జనరేటరు ఎప్పుడూ బయటే ఉండాలి, కిటికీకి తలుపుకు దూరంగా. తల నొప్పి, కడుపులో వికారం, కళ్లు తిరగడం ఒక్కసారిగా ఇద్దరు ముగ్గురికి వస్తే అది తిండి దోషం అనుకొని పడుకోవద్దు. బయటి గాలికి రావాలి. ఇన్వర్టరు బ్యాటరీ నుంచి కూడా మంట అంటుకునే గాలి వస్తుంది. దాని పక్కన బీడీ వెలిగించొద్దు, గాలి తగిలే చోట పెట్టండి.

ఉక్కకు తట్టుకోలేక రేకుల ఇండ్లవాళ్లు బయట పడుకుంటారు. ఇక్కడ పాము భయం. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాణ్ని కరిస్తే ఒక్కోసారి నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతయి, ఊపిరి ఆడదు. మంచం ఉంటే మంచం మీద, దోమతెర కట్టి దాని అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. చీకట్లో కట్టెల కుప్పలో, గడ్డివాములో చెయ్యి పెట్టొద్దు. బహిర్భూమికి పోయే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి, టార్చితో, కాలికి చెప్పుతో పోవాలి. కరిస్తే కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. కరిచిన కాలు కదలకుండా పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాము విషానికి విరుగుడు మందు ఒక్కటే మందు, మంత్రం మందు కాదు. గోడలేని డాబా మీద పడుకునేవాళ్లు పిల్లల్ని అంచున పడుకోబెట్టొద్దు. మత్తులో లేచి పడి నడుము విరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

కరెంటు పోతే నీళ్లు కూడా పోతయి. ట్యాంకు ఎక్కాలన్నా, బోరు నడవాలన్నా కరెంటే. గాలి లేస్తే, మబ్బు పడితే ముందు బిందెలు, గాబులు నింపుకోండి. తాగే నీళ్లు మూత పెట్టి వేరుగా ఉంచండి. ఎండాకాలం ముసలివాళ్లకు, బాలింతలకు, చంటిపిల్లలకు నీళ్లు మాటిమాటికి తాగించాలి, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. ముసలివాడు చెమట ఆగిపోయి, ఒళ్లు కాలి, మాట తడబడితే అది వడదెబ్బ, నిమ్మరసం ఇచ్చి కూర్చోకుండా 108 పిలవాలి. చక్కెర జబ్బుకు సూది వేసుకునేవాళ్లు ఇవాళ మనలోనూ ఉన్నారు. ఆ మందు సీసాను ప్లాస్టిక్ సంచిలో నీళ్లు చొరకుండా కట్టి, తడి ఇసుక మధ్య పెట్టిన చిన్న కుండలో ఉంచి మూత పెడితే చల్లగా ఉంటుంది.

షాకు కొట్టిన మనిషిని పట్టుకోవద్దు. ముందు మెయిన్ కట్టెయ్యాలి. మెయిన్ దొరక్కపోతే పొడి పలక మీద నిలబడి పొడి కర్రతో తీగను పక్కకు నెట్టాలి. ఇది ఇంటి కరెంటుకు మాత్రమే. 11 వేల ఓల్టుల దగ్గర కర్ర పనికిరాదు, లైను ఆపించేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. మనిషి ఊపిరి తీయకుండా పడి ఉంటే నీళ్లు కుమ్మరించడం, నోట్లో పొయ్యడం దండగ. వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండంగుళాలు లోపలికి దిగేట్టు నిమిషానికి వందకు పైగా నొక్కాలి. పక్కటెముక విరుగుతుందని భయపడొద్దు. 108 వచ్చేదాకా మనిషి మార్చి మనిషి నొక్కుతూనే ఉండాలి.

ఒక మీటరు, పది గదులు

ఇవన్నీ మనం చేసుకునే పనులు. మన చేతిలో లేనివి ఉన్నయి. ఒరిస్సా నుంచి, బీహారు నుంచి, మన పాలమూరు నుంచి వచ్చినవాళ్లు కిరాయికి ఉండే గదుల్లో ఒక మీటరు మీద పది గదులు నడుస్తయి. చూరు కింద సన్నటి వైర్లు, అతుకుల మీద అతుకులు, ఎర్తింగు లేదు. ఇంటివాడు కరెంటు డబ్బులు వేరే వసూలు చేస్తాడు, వైరు మాత్రం మార్చడు. మనిషికి షాకు తగలగానే రెప్పపాటులో లైనును కట్ చేసే చిన్న స్విచ్చి బజారులో దొరుకుతుంది. పది గదుల ఒక నెల కిరాయిలో దాని ఖరీదు ఏమాత్రం? కిరాయిదార్లు విడివిడిగా అడిగితే ఖాళీ చెయ్యమంటాడు. పది గదులూ కలిసి అడగాలి.

శాఖ సంగతి. ప్రపంచ బ్యాంకు అప్పుతో 1998లో సంస్కరణల చట్టం తెచ్చి, 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. చార్జీలు పెంచితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో వామపక్షాల ప్రదర్శన మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆనాడు మనం చార్జీల గురించే కాదు, ఇక ముందు స్తంభం ఎక్కే మనిషి ఎవడుంటాడని కూడా అడిగాం. తర్వాత ఏం జరిగిందో చూశాం. కనెక్షన్లు పెరిగినయి, పర్మినెంటు లైన్‌మన్లు ఆ లెక్కన పెరగలేదు. కాంట్రాక్టు కూలీలతో పని నడిపారు. తెలంగాణ వచ్చిన తర్వాత 2017లో 20 వేలకు పైగా కాంట్రాక్టు మనుషులను ఆర్టిజన్లు అని పేరు పెట్టి తీసుకున్నారు. వాళ్లు 2023లో తమ హక్కుల కోసం సమ్మెకు దిగాల్సి వచ్చింది. కాబట్టి అర్ధరాత్రి వానలో సైకిలు మోటారు మీద వచ్చిన మనిషిని పట్టుకొని తిట్టకండి. అతను నాలుగూళ్లకు ఒక్కడే ఉండవచ్చు. అతనూ కూలీయే. తిట్టాల్సినవాళ్లు ఏసీ గదిలో ఉంటారు, వాళ్లకు కాగితం మీద తిట్లే వినపడతయి.

ఆ కాగితం ఎట్లా రాయాలో చెబుతాను. శంషాబాదును 2018లో మున్సిపాలిటీ చేశారు, 2025 ఆఖరులో గ్రేటర్ హైదరాబాదులో కలిపారు. ఇంటిపన్ను పట్నం లెక్కన అడుగుతారు. అట్లాంటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పట్నం లెక్కన 24 గంటల్లో మార్చాలి గదా. కలిసిన ఊళ్లవాళ్లు ఈ ముక్క దరఖాస్తులో తప్పకుండా రాయండి. కలవని పల్లెలవాళ్లు 48 గంటలు దాటిన ప్రతిసారీ రాయండి.

మీ వాడ ట్రాన్స్‌ఫార్మర్ మీద రంగుతో నంబరు రాసి ఉంటుంది, దూరం నుంచే చూసి రాసుకోండి. కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరు ఉంటుంది. ఈ రెండు నంబర్లు, 1912, మీ సెక్షన్ ఏఈ ఫోను నంబరు బొగ్గుతోనైనా సరే తలుపు వెనక గోడ మీద రాయండి. కరెంటు పోగానే 1912కు చేసి ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి, పోయిన సమయం, వచ్చిన సమయం రాసుకోండి. సంఘం నోటుబుక్కులో వాడకొక పేజీ పెట్టి, ఒక ఎండాకాలమంతా ఇట్లా రాస్తే అది అధికారి కాదనలేని సాక్ష్యం అవుతుంది. వేలాడే తీగ, ఒరిగిన స్తంభం, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్, పగిలిన సర్వీసు వైరు ఎక్కడెక్కడ ఉన్నయో కూడా దాంట్లోనే రాయండి. దరఖాస్తు రెండు ప్రతులు తయారు చేసి ఒకటి ఏఈ ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. జవాబు రాకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం దొరక్కపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. వకీలు అక్కర లేదు. గడువు దాటితే వినియోగదారుకు శాఖే పరిహారం కట్టాలని నిబంధనల్లో ఉంది. ఆ డబ్బు కొద్దిపాటిదే అయినా అడగండి. అడిగినప్పుడే ఆలస్యం రికార్డులోకి ఎక్కుతుంది.

ఎవరికైనా ప్రాణం పోతే, దుఃఖంలో ఉన్నా, శవాన్ని తొందరపడి దహనం చెయ్యొద్దు. పోలీసు కేసు, పంచనామా, పోస్టుమార్టం ఉండాలి. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం ప్రమాదం సంగతి విద్యుత్ తనిఖీ అధికారికి తెలపాలి, దాని మీద విచారణ జరపవచ్చు. తెగిన తీగను, ఒరిగిన స్తంభాన్ని సరిచేసేలోపు ఫోటోలు తీసి పెట్టుకోండి. లేకపోతే తెల్లారేసరికి కొత్త తీగ వేలాడుతుంది, కాగితం మీద మృతుని నిర్లక్ష్యం అని రాసి ఉంటుంది. వానలకు ముందు సంఘం కమిటీలు వాడవాడకు పోయి ఇనుప దండేలు విప్పించే పని, తీగల జాబితా రాసే పని మే నెలలోనే పూర్తి చెయ్యాలి. జాబితా నకలు ఒకటి మండల సంఘం దగ్గర ఉంచాలి.